పాతికేళ్ళ పరదేశవాసం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



పోయిన కూటము ముగిసి అందరమూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, కారమడై నుంచి ఈ దేశం వచ్చిన మన సహోదరుడొకరు తన గోడు చెప్పుకున్నారు. గ్రీన్‌కార్డు కోసం కాగితాలు పెట్టి ఆయనకు పన్నెండేళ్ళు దాటింది. అది చేతికి వచ్చాక సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టడానికి ఇంకో ఐదేళ్ళు ఆగాలి. ఈలోగా ఊళ్ళో తండ్రి పోయారు. వెళితే తిరిగి రానిస్తారో లేదో అన్న భయంతో ఆయన మట్టికి కూడా వెళ్ళలేకపోయారు. మా తాతల తాతలు తెలుగుదేశం విడిచి కోయంబత్తూరు సీమకు నడిచి వచ్చారు, వారిని ఏ కచేరీలోనైనా ఎవరైనా కాగితం అడిగారా అని ఆయన అడిగితే మేము జవాబు చెప్పలేకపోయాము.

కారమడై సంగతి మన పాఠకులందరికీ తెలియకపోవచ్చు. కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం పోయే రైలుదారిలో, నీలగిరి కొండల అడుగున ఉన్న ఊరు అది. రంగనాథస్వామి గుడికి పేరుపడింది. ఆ చుట్టుపట్ల కమ్మవారు, బలిజలు, అరుంధతీయులు, దేవాంగులలో కొందరు ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు. బడికి పోతే మాత్రం తమిళమే రాస్తారు. విజయనగర రాజుల నాడూ, ఆ తరువాత మధుర నాయకుల నాడూ వచ్చినవారి సంతతి వారిలో చాలామంది. మన సహోదరునికి తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. ఆ రోజు మేము ఆయనకు డాక్టర్ సుబ్బారావు గారి సంగతి నోటితో చెప్పాము. ఇది అచ్చులో వస్తే ఎవరైనా చదివి వినిపిస్తారు గదా అన్నారు. అందుకే ఈ నెల ఈ వ్యాసం.

సుబ్బారావు గారు క్రైస్తవులు కారు. పడుచుతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలని తపించినవారు. అయినా పరదేశిగా బ్రతకడమంటే ఏమిటో మన తెలుగువారిలో ఆయనంత పూర్తిగా అనుభవించినవారు తక్కువ.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగో సంతానం. తండ్రి జబ్బుపడి ఉద్యోగం వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడో ఏట, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లి వెనక్కి పట్టి తెప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలులో చదివి మూడోసారి గట్టెక్కాడు. తండ్రి పోయాక తల్లి తన నగలమ్మి చదివించింది. మన పిల్లలు ఒక పరీక్షలో ఒక మార్కు తగ్గితే ఇళ్ళలో జరిగే గొడవ చూస్తుంటాము గనుక ఈ సంగతి కాస్త నొక్కి రాస్తున్నాము.

ప్రెసిడెన్సీ కాలేజీ అయిన తరువాత సన్యాసం మాట వచ్చింది. తల్లి ఒప్పుకోలేదు. మఠంవారు కూడా వైద్యం నేర్చుకుని సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీ గారి పిలుపు నాళ్ళు. సుబ్బారావు గారు ఖద్దరు కట్టడంతో ఆగక, ఆపరేషన్ గదిలో తొడుక్కునే అంగీ కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యులైన తెల్లదొరకు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పని దొరికింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో దెబ్బ మీద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది వంటబట్టక, విరేచనాలు పట్టుకుని, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమై పోయే జబ్బు అది. అప్పటికి దానికి మందు లేదు. తనకూ అది సోకి, బ్రతికి బయటపడ్డారు. మందు లేని జబ్బులకు మందు వెతకాలన్న పట్టుదల ఆయనకు ఇక్కడే కలిగిందని చరిత్రకారులంటారు. మాకూ అలాగే తోస్తుంది.

అమెరికా పోవాలంటే డబ్బు కావాలి. ఆయనకు 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారు కొంత సాయం చేస్తామన్నారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టను రేవులో దిగారు. హార్వర్డులో ఉష్ణదేశపు జబ్బులను గూర్చి చెప్పే పాఠశాలలో చేరారు. అక్కడి పెద్ద డాక్టర్ స్ట్రాంగ్ గారు ఆదరించారు గాని ఉపకారవేతనం దొరకలేదు. మద్రాసు డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేయడానికి వీల్లేదు. అందుచేత బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడమే ఆ పని. బ్రాహ్మణ ఇంట పుట్టిన వైద్యుడు పగలు చదువుకుని, రాత్రి ఆ పాత్రలు కడిగి అద్దె కట్టుకున్నాడు. ఈ పని మన పెద్దలలో చాలామందికి తరతరాలుగా మెడకు కట్టిన పని. ఆయన దానినుంచి కొన్నాళ్ళకు బయటపడగలిగారు, మనవాళ్ళలో ఇప్పటికీ బయటపడనివారున్నారు. అయినా ఆ పనిని చిన్నతనమనుకోకుండా ఆయన చేశారన్నది నిజం, అది మాకు నచ్చింది.

ఇక ఇక్కడ చట్టం సంగతి చెప్పుకోవాలి. మన సహోదరుని ప్రశ్నకు ముడి ఇక్కడే ఉంది.

అమెరికాలో 1790 నాటి చట్టం ప్రకారం పౌరసత్వం తెల్లవారికి మాత్రమే. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. ఆసియావారి మాట ఎత్తలేదు. 1917లో వచ్చిన చట్టం ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగానికి గీత గీసి, ఆ గీత లోపలివారు వలస రాకూడదంది. విద్యార్థులకు మినహాయింపు ఉండబట్టి సుబ్బారావు గారు ఓడ దిగగలిగారు. దిగిన మూడు వారాలు కాకముందే, 1922 నవంబరు 13న, జపాను దేశస్థుడైన ఒజావా తెల్లవాడు కాడు గనుక పౌరుడు కాలేడని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నాలుగు నెలలు నిండకముందే, 1923 ఫిబ్రవరి 19న, పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ కేసులో ఇండియావారికీ అదే గతి అంది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, అదీ లెక్కకు రాలేదు. అప్పటికే పౌరసత్వం పొందిన ఇండియావారి దగ్గర కూడా దాన్ని లాగేసుకోవడం మొదలైంది. 1924లో మరో చట్టం వచ్చి, పౌరుడు కావడానికి అర్హత లేనివాడు వలసదారుగా అసలు రానేకూడదంది.

పాఠకులు ఒక్కసారి ఆలోచించండి. మనం లైనులో ఉన్నాము. లైను చాలా పొడుగు. ఉద్యోగం మీద వచ్చేవారికి ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు భార్యాపిల్లలతో కలిపి సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్నది లెక్క. ఇండియా అంత దేశానికీ అదే ఏడు శాతం, వేలెడంత దేశానికీ అదే. అందుకే మనవాళ్ళ లైను కదలదు. అయినా మనకు ఒక నెంబరుంది, ఒక తేదీ ఉంది, అది ఎంతవరకు వచ్చిందో నెలనెలా ప్రభుత్వమే ప్రకటిస్తుంది. సుబ్బారావు గారికి ఆ లైనే లేదు. చదువు పేరుతో ఉండనిచ్చారు, అంతే. ఒకసారి దేశం దాటి వెళితే వలసవాసిగా తిరిగి వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. ఇంటివారిని పిలిపించుకుని కాపురం పెట్టడమూ అంతే కష్టమైంది.

ఆయన ఉండిపోయారు. డిప్లమా ముగించుకుని హార్వర్డు మెడికల్ స్కూలులో జీవరసాయన శాఖలో, సైరస్ ఫిస్క్ గారి వద్ద చేరారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేసి 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. బయోకెమిస్ట్రీ చదివిన మన పిల్లలెవరినడిగినా చెబుతారు. ఆ కొలతతో కండరాలను పరిశీలిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా వేరుగా కనుగొన్నాడు. మనిషి చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కావలసిన శక్తి ఈ ఏటీపీ నుంచే వస్తుంది. కండరం ఎలా పనిచేస్తుందన్న విషయం మీద 1922 నోబెల్ బహుమానం అందుకున్న సిద్ధాంతాన్ని ఈ పరిశోధనలు మార్చేశాయి. 1930లో పి.హెచ్.డి. పట్టా వచ్చింది. ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. పదిహేనేళ్ళకు పైగా అక్కడ పనిచేసి, 1940లో బయటికి వచ్చారు.

న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ మందుల కంపెనీ ఉండేది. వారు పిలిచి పరిశోధనల బాధ్యత అప్పగించారు. కొద్దికాలానికే ఆయన అక్కడ పరిశోధనా విభాగానికంతా డైరెక్టరయ్యారు. సరిగ్గా అదే 1940లో, దేశంలో ఉన్న పరదేశులంతా పోస్టాఫీసుకు వెళ్ళి పేర్లు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలని చట్టం వచ్చింది. పధ్నాలుగేళ్ళు నిండిన ప్రతి పరదేశికీ అది వర్తించింది. అప్పటికి పద్ధెనిమిదేళ్ళుగా ఆ దేశంలో ఉన్న సుబ్బారావు గారు కూడా చట్టం లెక్కలో పరదేశే. యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి కావలసిన మందుల మీద పనిచేసే ప్రయోగశాలను నడిపింది ఈ పరదేశే.

లెడర్లీలో గడిపిన ఎనిమిదేళ్ళలో వచ్చిన ఫలితాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొదట ఫోలిక్ ఆమ్లం. దీని కథలో మన కారమడై సహోదరునికి ఒక ముచ్చట ఉంది. కారమడై స్టేషను దాటితే మెట్టుపాళయం, అక్కడ కొండరైలు ఎక్కితే కున్నూరు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ గర్భిణీ స్త్రీలకు వచ్చే రక్తహీనతను గూర్చి బొంబాయిలో పరిశోధన చేస్తూ, 1929లో కొంతకాలం ఆ కున్నూరు పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసింది. ఈస్టు సారంలో ఈ జబ్బును నయం చేసే పదార్థమేదో ఉందని కనిపెట్టింది, అదేమిటో తేలలేదు. ఏళ్ళ తరబడి ఎందరో దాని వెంటపడ్డారు. చివరకు సుబ్బారావు గారి బృందం దాన్ని శుద్ధంగా తీసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసి చూపింది. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ జబ్బుతో మంచం పట్టినవారికి దాన్ని ఇచ్చి చూస్తే లేచి కూర్చున్నారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు తన చేతి కిందే తయారైంది. వాళ్ళు పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. మన ఆడపిల్లలకు కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్లు రాసే బిళ్ళ ఇదే.

ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కాస్త మార్చి దాని పనికి అడ్డుపడే మందులు కొన్ని తయారుచేశారు. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టనులో డాక్టర్ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో చనిపోతున్న పసిపిల్లలకు ఇచ్చారు. కొంతమంది పిల్లలు కొంతకాలం కోలుకున్నారు. 1948 జూన్‌లో అది అచ్చయింది. క్యాన్సరుకు మందుతో వైద్యం చేయవచ్చన్న ఆశకు అది గట్టి పునాది వేసింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. మన సంఘంలో కీళ్ళవాతంతో బాధపడే పెద్దలు వారానికొకసారి మింగే మాత్ర అదే, తెలియకపోతే సీసా మీద చూసుకోండి.

1947లో హెట్రజాన్ వచ్చింది, అంటే డీఈసీ, బోదకాలు జబ్బుకు మందు. గోదావరి జిల్లాల్లోనూ తమిళనాట తీరప్రాంతాల్లోనూ ఆ జబ్బు ఎంతగా ఉండేదో పాతవారికి చెప్పక్కరలేదు. ఇంటింటికీ వచ్చి మింగించే బిళ్ళ అదే. ఇక ఆరియోమైసిన్. డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్తను సుబ్బారావు గారు తన దగ్గర పనికి పెట్టుకున్నారు. డెబ్బై ఏళ్ళు దాటి, యూనివర్సిటీలో రిటైరైన మనిషి. దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి వెతికితే, మిస్సోరి నుంచి వచ్చిన మట్టిలో ఒక బూజులాంటి జీవి దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది దాని నుంచే వచ్చింది. 1948 జులైలో ప్రపంచానికి తెలిపారు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం మింగినవి ఈ జాతి మాత్రలే.

ఇన్నిటి మీదా తన పేరు వేసుకోవాలని ఆయనకు తోచలేదు. అమినోప్టెరిన్ ఫార్బర్ పేరు మీద, ఆరియోమైసిన్ డగ్గర్ పేరు మీద లోకానికి తెలిసింది. పేటెంట్ల వ్యవహారం చూసే వకీలొకరు, శాస్త్రజ్ఞులు మామూలుగా చేసుకునే పనులేవీ ఈయన చేసుకోలేదని చూసి ఆశ్చర్యపోయాడట. కాగితం మీద ఆయనకు అంత నిర్లక్ష్యం. ఇందులో వినయమెంతో, అశ్రద్ధ ఎంతో మేము తేల్చలేము. పాఠకులు మాత్రం తమ కాగితాల విషయంలో ఆయనను అనుసరించవద్దని మనవి. వచ్చిన ప్రతి నోటీసూ కవరుతో సహా దాచుకోండి.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇది రాయడానికి మాకు కష్టంగానే ఉంది. శేషగిరి గారిని మళ్ళీ చూడటం ఆయనకు జరగలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. వాళ్ళకు పుట్టిన మగపిల్లవాడు ఏడాది నిండకుండానే, సర్పి అనే చర్మపు జబ్బు సోకి పోయాడు. ఆరియోమైసిన్ వంటి మందు ఒకటి అప్పుడుంటే బ్రతికేవాడేమో. మొదట్లో చట్టం భయమని చెప్పుకోవచ్చు, యుద్ధకాలంలో ఓడలు తిరగలేదని చెప్పుకోవచ్చు. కాని చట్టమే మొత్తం కారణమంటే మేము ఒప్పుకోము. ఒక పరిశోధన ముగిసేసరికి ఇంకొకటి మొదలయ్యేది. పని ఆయనను మింగేసింది. చేతినిండా జీతం వచ్చే రోజుల్లో విమానం నడపడం కూడా నేర్చుకున్నారు. ఆ విమానమేదీ ఆయనను భీమవరానికి తేలేదు. లక్షల ఇళ్ళలో దీపం ఆరకుండా చేసినవాడి సొంత ఇంట్లో ఒక మనిషి జీవితమంతా ఎదురుచూసింది. ఆయనను ఎంత మెచ్చుకున్నా, ఆమె పక్కన నిలబడి చూస్తే మాకు ఆ మెప్పు సగానికి తగ్గిపోతుంది. యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు కొలువు చేసి, మళ్ళీ ఏడేళ్ళు చేశాడు. అక్కడ ఆగింది భర్త. ఇక్కడ లెక్క తిరగబడింది.

కాగితం వచ్చాక అమ్మను చూసి వద్దాం, కాగితం వచ్చాక పెళ్ళి మాట్లాడదాం, కాగితం వచ్చాక సంఘంలో సభ్యత్వం తీసుకుందాం అని వాయిదా వేసుకునేవారు మనలో లేకపోలేదు. మేమూ అలా వేసినవాళ్ళమే. ఈ మాట నిందగా తీసుకోవద్దు.

ఇక చట్టం మారిన సంగతి. యుద్ధంలో చైనా మిత్రదేశం కావడంతో 1943లో చైనావారికి తలుపు తెరిచారు. ఇండియావారికి కూడా తెరవాలని న్యూయార్కులో వ్యాపారి జె.జె. సింగ్ వంటివారు ఏళ్ళ తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగారు. లూస్ అనే శాసనసభ్యురాలు, సెల్లర్ అనే సభ్యుడు బిల్లు తెచ్చారు. 1946 జులై 2న ప్రెసిడెంటు ట్రూమన్ సంతకం చేశారు. ఇండియా నుంచి ఏడాదికి వందమంది రావచ్చు, ఇక్కడున్న ఇండియావారు పౌరులు కావచ్చు. ఏడాదికి వందమంది! మన ఒక్క సంఘపు క్రిస్మస్ విందుకు అంతకంటే ఎక్కువమంది వస్తారు.

అప్పటికి సుబ్బారావు గారికి యాభై ఒకటి. అర్హత కోసం ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. అర్హత వచ్చినంత మాత్రాన పౌరుడైపోరు. ఆ రోజుల చట్టంలో మొదట పౌరుడు కాదలచానని ప్రకటన దాఖలు చేయాలి. ఆ తరువాత కనీసం రెండేళ్ళు ఆగి అసలు అర్జీ పెట్టాలి. దానిమీద విచారణ, సాక్షులు, ప్రమాణం. దిలీప్ సింగ్ సౌంద్ అనే పంజాబీ ఆయన సుబ్బారావు గారికంటే రెండేళ్ళు ముందు, 1920లో వచ్చారు. లెక్కల్లో డాక్టరేటు పుచ్చుకుని కూడా కాలిఫోర్నియాలో వ్యవసాయం చేసుకుని బ్రతికారు. చట్టం మారగానే పని మొదలుపెట్టిన ఆయనకు పౌరసత్వం వచ్చేసరికి 1949 డిసెంబరు 16 అయింది. అంటే చట్టం తరువాత మరి మూడున్నరేళ్ళు. 1950లో తన ఊరికి న్యాయాధికారిగా గెలిస్తే, పౌరుడై ఏడాది నిండలేదని ఆ గెలుపు చెల్లదన్నారు. మళ్ళీ నిలబడి గెలిచారు. 1956లో ఏకంగా అమెరికా కాంగ్రెసుకే ఎన్నికయ్యారు. ఆయన ఓపిక వేరు.

సుబ్బారావు గారికి అంత వ్యవధి దొరకలేదు. 1948 ఆగస్టు 8న, నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు యాభై మూడు. చట్టం వచ్చి రెండేళ్ళ ఒక నెల అయింది. అమెరికా పౌరుడు కాకుండానే ఆయన కన్నుమూశారు. ఆరియోమైసిన్ సంగతి లోకానికి చెప్పి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. వారం తరువాత, ఆగస్టు 16న, బేస్‌బాల్ ఆటలో అమెరికావారు దేవుడిలా కొలిచే బేబ్ రూత్ క్యాన్సరుతో చనిపోయాడు. ఆ ముందటి ఏడు ఆయనకిచ్చిన టెరోప్టెరిన్ మందు సుబ్బారావు గారి ప్రయోగశాలలో తయారైనదే. రూత్ శవాన్ని చూడటానికి వేలమంది వరుసలో నిలబడ్డారు. పెర్ల్ రివర్ వైపు చూసినవారు కొద్దిమందే.

పోయేనాటికి ఆయన ఏ దేశపు మనిషి? ఇండియావాడేనని మనం అంటాము. చట్టం అంత తేలికగా చెప్పదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కాలేదు. భారత పౌరుడంటే ఎవరో చెప్పే రాజ్యాంగం 1950లో గాని అమలుకు రాలేదు. ఆయన బ్రిటిష్ రాజు ప్రజగా పుట్టి, ఖద్దరు కట్టినందుకు డిగ్రీ పోగొట్టుకుని, చివరకు పాత చట్టం లెక్కలో బ్రిటిష్ ప్రజగానే పోయారు. ఆ పాత చట్టాన్ని మార్చే కొత్త చట్టానికి లండనులో ఆమోదం పడింది 1948 జులై 30న, ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు. అది అమలుకు వచ్చింది మరుసటి జనవరిలో.

కారమడైవారికి ఆ 1948 ఇంకో విధంగా గుర్తుండవలసిన సంవత్సరం. కోయంబత్తూరు, మధుర, తిరుచ్చి సీమల నుంచి సిలోను టీ తోటలకు పోయినవారిలో తమిళులతో పాటు తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. ఆ ఏడు సిలోను చేసిన పౌరసత్వ చట్టం వారిలో చాలామందిని ఏ దేశానికీ చెందనివారుగా చేసింది. 1964లో శాస్త్రి గారు, సిరిమావో గారు ఒప్పందం చేసుకుని 5,25,000 మందిని ఇండియాకు, 3,00,000 మందిని సిలోనుకు పంచారు. మిగిలిన 1,50,000 మంది సంగతి తేల్చడానికి మరో పదేళ్ళు పట్టింది. అలా తిరిగి వచ్చినవారెందరో కారమడై ఎగువన నీలగిరి కొండల్లోనే స్థిరపడ్డారు. అక్కడ ఉండిపోయినవారిలో పౌరసత్వం లేనివారికి శ్రీలంక 2003లో గాని చట్టం చేసి ఇవ్వలేదు. ఒక తరం పుట్టి, పనిచేసి, పోయేంత కాలం. మన సహోదరుడు ఈ సంగతి మేము చెప్పకముందే ఎరుగును. ఆయన మేనత్త కుటుంబం అక్కడి నుంచి వచ్చినదే.

అపొస్తలుల కార్యములలో పౌలును కొట్టించబోయిన సహస్రాధిపతి తాను రోమా పౌరసత్వాన్ని చాలా డబ్బు పోసి కొనుక్కున్నానంటాడు. పౌలేమో పుట్టుకతోనే పౌరుడు. మేము ఆ భాగం ఎన్నోసార్లు విన్నాము గాని, ఎప్పుడూ పౌలు వైపు నుంచే విన్నాము. ఈ వ్యాసం రాస్తూ ఆ సహస్రాధిపతి ఎన్నేళ్ళు ఆగాడో, ఎవరెవరికి ఎంత సమర్పించుకున్నాడో అని మొదటిసారి తలచుకున్నాము.

సుబ్బారావు గారిని లోకం పూర్తిగా మరచిపోలేదు. ఒక బూజుజాతికి 1953లో సుబ్బారోమైసిస్ అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. నూరేళ్ళ జయంతికి, 1995లో, భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. బూజు పేరూ, తపాలా బిళ్ళా రావడానికి ఏ అర్జీ అక్కరలేకపోయింది.

మన కారమడై సహోదరునికి పోయిన వారం ఉత్తరం వచ్చింది. కార్డు కాదు. పాతవి గడువు దాటాయి గనుక వేలిముద్రలు మళ్ళీ ఇవ్వాలని పిలుపు. వచ్చే మంగళవారం ఉదయం తొమ్మిదికి. మేము కారు తీసుకుని వెంట వెళ్తున్నాము. అమ్మగారిని చూడటానికి వెళ్ళి రావడానికి కావలసిన ప్రయాణ అనుమతి పత్రానికి కూడా అర్జీ నింపి సిద్ధంగా ఉంచారు, ఆ రోజే పోస్టులో వేస్తారు.